బోర్లా పెట్టిన పళ్ళెం

నిన్న పొద్దున హిందూపురంలో మా ఇంటి వంటగది బండ మీద స్టీలు పళ్ళాలు ఒకదాని తర్వాత ఒకటి బోర్లా పడుతున్న చప్పుడు వినబడింది. తల దువ్వుకుంటున్నదాన్ని, దువ్వెన జుట్టులోనే వదిలేసి పరిగెత్తాను. పాత్రలు తోమడానికి కొత్తగా చేరిన పద్మ, కడిగిన పళ్ళాలన్నీ వరుసగా బోర్లించి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. నేను వాటిని తిప్పి ఒక్కొక్కటే గోడకు ఆనించి నిలబెడుతుంటే ఆ అమ్మాయి బిత్తరపోయింది. "ఏంటికక్కా? బోర్లిస్తేనే గదా నీళ్ళు కారిపోయేది?" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. లోకంలో అందరూ కడిగిన పళ్ళాలను బోర్లిస్తారు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే ఎవరో ఇల్లు వదిలి దూరం వెళ్ళినట్టూ, వాళ్ళు తిరిగి వచ్చేదాకా పొయ్యి ఆర్పకూడదన్నట్టూ అనిపిస్తుంది. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి పేరు దీనమ్మ. మేమంతా దీనమ్మవ్వ అనేవాళ్ళం.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. రామగిరి కొండలు మొదలయ్యే చోట, పాత గని కాలనీ అంచున ఆమె మెస్సు ఉండేది. ఒకప్పుడు అక్కడ బంగారు గనులు నడిచాయి. షిఫ్టు సైరను కూస్తే చుట్టుపక్కల పల్లెల్లో కూడా పొయ్యి మీద ఎసరు పెట్టుకునేవారట. తర్వాత గనులు మూతపడ్డాయి. లోపలికి దిగే బావికి కంచె వేశారు, క్వార్టర్ల పైకప్పులు కూలిపోయాయి, రాతిని పిండిచేసి బంగారం తీసుకోగా మిగిలిన బూడిదరంగు మట్టి దిబ్బలు దిబ్బలుగా ఉండిపోయింది. పనివాళ్ళు తలో దిక్కూ పోయారు. అవ్వ పోలేదు. "యాడికి పోవల్ల? నేనేమన్నా గనిలో పని చేసినానా, గని మూసేస్తే పోయేకి? నాది పొయ్యి. ఆకలి యాడన్నా మూతపడతాదా?" అనేది. కొండల మీద గాలిమరలు లేచినప్పుడు వాటి పనివాళ్ళకు వండిపెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు బెంగుళూరు నుంచి శని ఆదివారాల్లో సరదాగా కొండలెక్కడానికి జనం రావడం మొదలైంది. నేను ఆమె గడప తొక్కింది అప్పుడే.

మాది ధర్మవరం. నాయనకు పట్టుచీరల అంగడి. డిగ్రీలో ఎన్.సి.సి. పుణ్యమా అని నాకు కొండల పిచ్చి పట్టుకుంది. పెనుకొండ కోట ఎక్కడంతో మొదలై, ఎక్కడ కాస్త ఎత్తు కనబడితే అక్కడికి కాళ్ళు లాగేవి. బెంగుళూరులో ఉన్న స్నేహితులు, మేం మనుషుల్ని పంపిస్తాం, నువ్వు దారి చూపించు అన్నారు. నాతో చదివిన మల్లికార్జున తోడొచ్చాడు. ఒక వారం పెనుకొండ, ఒక వారం రామగిరి. నాయన వద్దనలేదు గానీ గడువు పెట్టాడు. "శ్రావణం దాకా నీ ఇష్టం పాపా. శ్రావణం వస్తే అంగట్లో కూచోవల్ల. ఆ తర్వాత కొండా లేదు, గుండా లేదు" అన్నాడు. మా నాయన చెడ్డవాడు కాదు. కానీ ఆయన మాట ఆయన అంగట్లో చీర ధర లాంటిది, బేరానికి తగ్గదు. నాకేమో జీవితమంతా చీరల మడతలు విప్పుతూ మళ్ళీ మడతపెడుతూ ఉండాలంటేనే ఊపిరాడేది కాదు. ఆ ఏడాది ఆషాఢం వచ్చిందంటేనే ఏడుపొచ్చింది.

మొదటి వారమే నేను అవ్వ చేత తిట్లు తిన్నాను. కొండెక్కేవాళ్ళకు పొద్దున ఫలహారం పెట్టి, మేం బయలుదేరేలోపు సాయం చేద్దామని పళ్ళాలన్నీ కడిగి తిన్నె మీద బోర్లించాను. గోడ పొడుగునా కడప బండ పరిచిన తిన్నె అది. లోపలి నుంచి కట్టెలు మోసుకొస్తున్న అవ్వ ఆ వరుసను చూసి కట్టెలు కింద పడేసింది. "ఎవురే బోర్లించింది? ఇంతమంది యాడికి పోయినారు?" అని అరిచింది. ఎవరూ ఎక్కడికీ పోలేదవ్వా, బయట బూట్లు కట్టుకుంటున్నారు అంటే, నా మాట నమ్మక బయటికి వెళ్ళి ఒక్కొక్కరి ముఖం చూసి వచ్చింది. ఆ తర్వాత నన్ను పట్టుకుని వాయించింది. "ధర్మవరం పట్టంగడి పాపా, నీ ఇంట్లో ఎట్లన్నా బోర్లించుకో. ఈడ పళ్ళెం బోర్లా పడిందంటే మనిషి గని లోపల ఉండాడని!"

అది గని నాటి పద్ధతి. మెస్సులో తినే ప్రతి మనిషికీ తన పళ్ళెం ఉండేది. వెనకవైపు మేకుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకునేవారు. షిఫ్టుకు పోయేముందు తిని, కడిగి, తన పళ్ళెం తానే తిన్నె మీద బోర్లించి గనిలోకి దిగేవాడు. పైకి వచ్చాక తానే తిప్పుకోవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. వరుసలో చివరి పళ్ళెం వెల్లకిలా అయ్యేదాకా అవ్వ పొయ్యి ఆర్పదు, తాను తినదు. అందుకే ఆమె మెస్సులో కడిగిన పళ్ళాలను గోడకు ఆనించి నిలబెట్టేవాళ్ళు. గని మూతపడి అందరూ వెళ్ళిపోయేటప్పుడు చాలామంది తమ పళ్ళాలు వదిలేసి పోయారు. అవి పారేయడానికి అవ్వకు చేతులు రాలేదు. మేం వచ్చాక వాటికి మళ్ళీ పని దొరికింది; కొండకు పోయేముందు ఎవరిది వాళ్ళే బోర్లించి, దిగొచ్చాక తిప్పుకోవాలని మాకూ అదే పద్ధతి పెట్టింది.

దాంతో ఒక వింత జరిగేది. ఎవరికి ఏ పళ్ళెం ఇస్తే వాళ్ళను ఆ పేరుతోనే పిలిచేది అవ్వ. బెంగుళూరులో పెద్ద కంపెనీలో ఉద్యోగం చేసే ఒకమ్మాయిని, "ఏమప్పా ఓబులేసూ, ఇంకొంచెం సంగటి ఏసేదా?" అంటే ఆ పిల్ల ముందు అటూ ఇటూ చూసి, తర్వాత పడీపడీ నవ్వింది. నాకు దొరికింది హనుమంతు పళ్ళెం. దారి చూపేవాళ్ళది గడప పక్కన, వరుసలో మొదటిది. పిలవడం మానేసి చాలా ఏళ్ళయిన పేర్లు ఆ వంటింట్లో మళ్ళీ వినబడేవి. అవ్వకు మా యవ్వారం మాత్రం ఎప్పటికీ అర్థం కాలేదు. "జీతం లేకుండా కొండెక్కేది ఏందబ్బా? పైన ఏముండాది?" అని ప్రతి వారమూ అడిగేది. గాలి బాగుంటుందవ్వా అంటే, "గాలి ఈడ లేదా?" అనేది. అడుగుతూనే మాకు ఊరిబిండి పచ్చడి, ఉల్లిగడ్డలు కట్టి ఇచ్చేది. ఉప్పెక్కువైందని ఒకాయన అంటే, "కొండెక్కి చెమట కారిస్తే సరిపోతాది పో" అని తరిమింది. నిజానికి ఆ రోజు ఉప్పు ఎక్కువే పడింది. ఒప్పుకునే రకం కాదు.

ఆమె తినే పళ్ళెం మీద దావీదు అని ఉండేది. ఆయన ఆమె పెనిమిటి. ఒక మధ్యాహ్నం చెనిక్కాయలు వలుస్తూ, నేను అడగకుండానే ఆయన సంగతి చెప్పింది. ఆయనకు ముందునుంచే గుండె జబ్బు. ఒక రోజు పని ముగించుకుని లిఫ్టులో పైకి వస్తూ వస్తూ, వెలుతురు కనబడే చోట కూలబడి పోయాడట. ఆయనను ఇంటికి తెచ్చారు, మట్టిచేసి వచ్చారు, తిన్నె మీద మాత్రం ఆయన పళ్ళెం బోర్లానే ఉండిపోయింది. ఎవరిది వాళ్ళే తిప్పాలి కాబట్టి ఎవరూ దాన్ని ముట్టుకోవడానికి ధైర్యం చేయలేదు. "చూసినా, చూసినా. ఆకరికి నేనే తిప్పి, దాంట్లో కూడు పెట్టుకోని తినేసినా. ఆకలై కాదు పాపా. బోర్లా ఉండేకొద్దీ ఆయన ఇంకా రావల్సి ఉండాది అనిపిస్తాది. తిప్పితే వచ్చేసినట్టు. ఎవురి పళ్ళెమూ అట్ల వదిలేయగూడదు" అంది. చెప్పడం అయిపోగానే, వలిచినవాటిలో పుచ్చువి ఏరలేదని నన్ను తిట్టింది. ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే అనుకుంటాను.

శ్రావణం ముందరి ఆదివారం నాయన వచ్చాడు. ముందు రోజు ఫోనులో, సామాన్లు సర్దుకుని ఉండు, నేనే వచ్చి పిల్చుకపోతా అన్నాడు. ఎదురుచెప్పే ధైర్యం లేక ఊఁ అన్నాను. అదే నా చివరి కొండ అనుకుని, కళ్ళు తుడుచుకుంటూ పొద్దున్నే అందరితోపాటు బయలుదేరాను. నేను పైన ఉన్నప్పుడు కింద జరిగింది అవ్వ తర్వాత నాకు నటించి మరీ చూపించింది. తెల్లచొక్కా నలగకుండా కారు దిగిన మా నాయన, పాప ఏదమ్మా అని అడిగాడు. కొండ మీద ఉండాది, కూచో, బువ్వ తిను అంది అవ్వ. నాయన చెయ్యి కడుక్కుని వచ్చి, గడప పక్కన కడిగి బోర్లించి ఉన్న పళ్ళెం చూసి, నీళ్ళు కారడానికి బోర్లించారనుకుని, తీసి తిప్పబోయాడు.

"పెట్టు! పెట్టప్పా ఆడనే!" అని అవ్వ గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమ్మా? నేను ముట్టుకుంటే ఏమైతాది?"

"అది హనుమంతుది. ఆ మనిషి కొండ మీద ఉండాది. వచ్చి తిప్పుకోవల్ల."

"హనుమంతు ఎవురు?"

"నీ కూతురు."

నాయన పళ్ళెం వెనక చుక్కలుగా కొట్టిన పేరు చదివాడట. ఎత్తినోడే బోర్లించల్ల అని అవ్వ ఆయన చేతనే మళ్ళీ పెట్టించి, వరుస అంతా చూపించి సంగతి చెప్పింది. వేరే పళ్ళెంలో అన్నం పెడతానంటే నాయన వద్దన్నాడు. తిన్నె ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. అప్పటిదాకా నేను కొండకు పోతే ఆయనకు కోపం వచ్చేది, ఇంటికి వస్తే కోపం దిగేది, అంతే తెలుసు. నేను లేని ఆ నడిమి గంటలను కళ్ళెదురుగా పెట్టుకుని కూర్చోవడం మాత్రం ఆయనకు అదే మొదలు. అవ్వ చెప్పినదాన్ని బట్టి, మధ్యాహ్నం వాన పట్టుకుంది; నాయన లేచి ఒకసారి గడప దాకా పోయి కొండ చూడటం, వచ్చి పళ్ళెం చూడటం, ఇదే పని. "మీ నాయన నా నేలంతా అరగదొక్కినాడు" అంది.

మేం దిగేసరికి వాన తగ్గింది గానీ పొద్దు వాలుతోంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తడిబట్టలతో లోపలికి పోయి టంగు టంగున పళ్ళాలు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. జారుడు బండ మీద ఒకావిడకు కాలు మడతపడింది. మల్లికార్జున ఆమె దగ్గర ఆగాడు, నేను మిగతావాళ్ళను దించి, కట్టు గుడ్డలూ ఊతకర్రలూ తీసుకుని మళ్ళీ పైకి పోవాలి. గడపలో నాయన నిలబడి ఉన్నాడు. ఇంక అయిపోయింది, చెయ్యి పట్టుకుని కారెక్కిస్తాడు అనుకున్నాను.

"నాయనా, ఇంకా ఇద్దరు పైన ఉండారు. నేను మళ్ళా పోవల్ల. పోయొచ్చి నువ్వు యాడికి రమ్మంటే ఆడికి వస్తా" అన్నాను.

నాయన నా ముఖం చూడలేదు. తిన్నె వైపు చూశాడు. అప్పటికి మూడు పళ్ళాలు బోర్లా ఉన్నాయి. కారు దగ్గరికి పోయి పెద్ద టార్చి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పో. ఇద్దర్నీ పిల్చుకోని రా. నేను ఈడనే ఉంటా" అన్నాడు. ఆ తర్వాత ఇంకొక మాట కలిపాడు. "నిదానంగా దిగు పాపా. ఎంతసేపైనా పర్వాలేదు, నేను కూచోని ఉండా గదా."

మా నాయన నోట అంతకుముందు ఎన్నడూ ఆ మాట వినలేదు. కొండ ఎక్కుతూ నేను ఏడ్చాను, వాన కూడా లేదు, దాచుకోవడానికి. ఆవిడను మెల్లగా నడిపించుకుంటూ మేం దిగేసరికి దీపాలు పెట్టే వేళ. నాయన అదే బెంచీ మీద ఉన్నాడు. అవ్వ రెండుసార్లు వడ్డించబోతే రెండుసార్లూ వద్దన్నాడట. ఆవిడ తిప్పుకుంది, మల్లికార్జున తిప్పుకున్నాడు, నేను హనుమంతును తిప్పుకున్నాను. అప్పుడు నాయన, "ఇప్పుడు నాకు పెట్టమ్మా, ఆకలైతాండాది" అన్నాడు. సంగటి ముద్ద మీద ముద్ద తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, ఎటో చూస్తూ, "శ్రావణం వచ్చినాక సోమవారం నుంచి శుక్రవారం దాకా అంగట్లో ఉండు. శని ఆదివారాలు ఈయమ్మ దగ్గరికి పో" అన్నాడు. మా నాయన అంగడి పెట్టినప్పటి నుంచీ ధర తగ్గించింది ఆ ఒక్కసారే. అవ్వ మాత్రం, ఇదంతా తన గొప్ప కాదన్నట్టు, "ఏమప్పా, మజ్జిగ పోసుకోవా?" అంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు హాయిగా గడిచాయి. నా పెళ్ళయింది, హిందూపురం వచ్చాను, కొండలు మానలేదు. అవ్వ అంతకంతకూ ముసలిదైంది, తిట్లు మాత్రం ముసలివి కాలేదు. ఒక గురువారం ఆయాసం ఎక్కువైతే కాలనీవాళ్ళు అనంతపురం ఆసుపత్రికి ఆటో పిలిచారు. ఆటో ఎక్కేముందు అవ్వ గోడ పట్టుకుని లోపలికి పోయి, దావీదు పళ్ళెం తీసి తిన్నె మీద బోర్లించి, "వస్తాలే" అని వచ్చి ఎక్కిందట. జీవితమంతా మెస్సు దాటి ఎక్కడికీ పోని మనిషి, తన పళ్ళెం బోర్లించడం అదే మొదటిసారి.

శనివారం ఆమెను తీసుకొచ్చారు. చర్చి పెద్దలు ప్రార్థన చేశారు, దావీదు పక్కనే మట్టిచేశారు. ధర్మవరం నుంచి నాయన కూడా వచ్చాడు. అందరం మెస్సుకు తిరిగొచ్చేసరికి ఆ పళ్ళెం తిన్నె మీద అట్లాగే ఉంది. బంధువులు దాని పక్కనుంచి తప్పుకుని తిరుగుతున్నారు. నాకు ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది. పోయి తిప్పాను. ఎవరో వండి తెచ్చిన సంగటి అందులో పెట్టుకుని, ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. ముద్ద చేసి పళ్ళెంలోనే వదిలేశాను. అప్పుడు నాయన వచ్చి నా పక్కన కింద కూర్చుని, అదే పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ఇంట్లో మంచినీళ్ళ చెంబు కూడా ఎంగిలి కానివ్వని మనిషి. "తిను పాపా. ఇద్దరం తింటే అయిపోతాది. ఆయమ్మ వచ్చేసినట్టే" అన్నాడు. ఇద్దరం తిన్నాం. దుఃఖం ఉంది, కానీ అన్నం తిన్నాక మనసు కుదుటపడింది. ఆమె అన్ని ఏళ్ళూ అందరికీ చేసిన పని అదే కదా అనిపించింది.

మెస్సు ఇప్పుడు లేదు. పళ్ళాలు ఒక కట్టగా నా దగ్గర ఉన్నాయి. కొండెక్కేవాళ్ళతో మొదట కొండ కింద వాటిని బోర్లింపజేసి గానీ దారి చూపించను. కొందరు నవ్వుతారు, దిగి వచ్చి టంగుమని తిప్పుకునేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు. హనుమంతు ఒక్కటే ఆ కట్టలో లేదు. దాన్ని అవ్వను మట్టిచేసిన రోజే నాయన చొక్కా కింద పెట్టుకుని ధర్మవరం తీసుకుపోయాడు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళ నొప్పులు, అంగడి మా తమ్ముడు చూస్తున్నాడు. శనివారం పొద్దున, కొండకు పోతాండా నాయనా అని ఫోను చేస్తాను. ఆయన వంటింట్లో బండ మీద పళ్ళెం బోర్లా పెట్టిన చప్పుడు ఫోనులో వినబడుతుంది.

ఆదివారం సాయంత్రం దిగాక మళ్ళీ చేస్తాను. "దిగినాము నాయనా, అందరూ బాగుండారు. నువ్వే తిప్పేసి బువ్వ తిను, నేను హిందూపురం పోతా" అంటాను.

"నాది కాదు గదమ్మా తిప్పేకి" అంటాడు. "హనుమంతుది."

కారు ధర్మవరం వైపు తిప్పుతాను.